పచ్చోళ్ల నడుమ నీలపోళ్లు

నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మా షెడ్డు ఒక గల్లీ చివర ఉండేది. ఒక పక్క మసాలాలు పట్టే కంపెనీ, ఇంకో పక్క మందుల కంపెనీ. పొద్దున ధనియాల వాసన, మధ్యాహ్నం దగ్గు మందు వాసన. మా షెడ్డుకు సొంత వాసనంటూ పెద్దగా లేదు. కొత్త ప్లాస్టిక్ వాసన కొంచెం ఉండేది గానీ, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే తెలిసేది. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే వైర్లు మేం అక్కడ చేసేవాళ్లం.

"కలిపే" అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, చేరిన కొత్తలో అవి ఏం చేస్తాయో నాకు తెలియదు. ఉప్పల్‌లో మా బస్తీ ఆడవాళ్లు నల్లా దగ్గర అడిగేవాళ్లు.

"ఏం కంపెనీ వదినా నీది?"

"వైర్ల కంపెనీ."

"కరెంటు వైర్లా?"

"కాదు, దాంట్ల కరెంటు రాదు."

"కరెంటు రాని వైరు ఎవలు కొంటరు?"

కొనేవాళ్లు ఉన్నారు కాబట్టే మాకు పని ఉందని చెప్పి, బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని.

పని చూడటానికి తేలికగానే ఉండేది. వైరు మీద బూడిద రంగు తోలు ఉంటుంది. దాన్ని వేలెడంత వొలిస్తే లోపల ఎనిమిది సన్న తీగలు, రెండు రెండు కలిసి మెలిపడి నాలుగు జంటలుగా ఉంటాయి. నారింజ రంగు జంట, ఆకుపచ్చ జంట, నీలం జంట, కాఫీ రంగు జంట. ప్రతి జంటలో ఒకటి నిండు రంగు, ఇంకొకటి తెల్లదాని మీద ఆ రంగు చార. మెలి విప్పి, సాపు చేసి, ఒక వరుసలో పేర్చి, కొసలు సమంగా కత్తిరించి, అద్దంలా కనిపించే ప్లాస్టిక్ క్లిప్పులోకి తోసి, క్రింపర్ అనే పట్టకారుతో గట్టిగా నొక్కాలి. రెండో కొసకూ అదే వరుస. వరుస తప్పితే వైరు పనికిరాదు.

ఆ వరుస ఎవరికీ ఒక పట్టాన గుర్తుండేది కాదు. జంటలను జంటలుగా పెట్టుకుంటూ పోతే సులువుగా ఉండేది. కానీ పచ్చ జంటను విడదీసి దాని మధ్యలో నీలం జంటను పెట్టాలి, అదీ తిరగేసి. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. గోడకు ఇంగ్లీషు చార్టు ఒకటి ఉండేది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో దాన్ని చదవగలిగేవాళ్లు లేరు. దాని రంగులు కూడా ఎండకు వెలిసిపోయి నారింజకూ కాఫీ రంగుకూ తేడా లేకుండా పోయింది.

అప్పుడు మా అందరికన్నా ముందు చేరిన చెంగిచెర్ల అక్క ఒక కథ కట్టింది. చార ఉన్న తీగ పెండ్లాం, ఎందుకంటే చీరకు అంచు ఉంటుంది. నిండు రంగు తీగ మొగుడు. నాలుగు జంటలు బంతి భోజనానికి పీటల మీద వరుసగా కూర్చున్నాయి.

"నారింజోళ్లు ముందుగాల వచ్చిన్రు. పెండ్లాం, మొగడు, ఇద్దరు పక్కపక్కకే కూసున్నరు" అని మొదలుపెట్టేది అక్క, చేతులు పని చేస్తూనే. "ఇగ పచ్చోళ్లు నీలపోళ్లను సుట్టాలని పిల్సిన్రు. సుట్టాలను కొసకు కూసోబెడ్తమా? నడుమ కూసోబెడ్తం. పచ్చామె ఈ దిక్కు, పచ్చాయన ఆ దిక్కు. నడుమ సుట్టాలు."

"మరి నీలపాయన పచ్చామె పక్కకే ఎందుకు కూసున్నడక్కా?" అని ఎవరో ఒకరు కావాలని అడిగేవాళ్లు.

"గది నన్నెందుకు అడుగుతవే. నీలపామెను అడుగు. ఆమె పచ్చాయన పక్కకు పోయి కూసున్నది గదా."

బల్ల చుట్టూ నవ్వులు. "కాఫీ రంగోళ్లు ముసలోళ్లు, వాళ్లకు ఏ ఫికర్ లేదు, కొసకు కలిసి కూసుంటరు" అని అక్క ముగించేది. ఈ కథ ఒక్కసారి విన్నవాళ్లు వరుస మరచిపోయేవాళ్లు కాదు. నేనూ మరచిపోలేదు.

మా ఓనరు సారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. గట్టిగా అరిచే రకం కాదు. ఆఫీసుల్లో మా వైర్లు బిగించే పని ఒక పెద్దాయన చూసేవారు. మిలిటరీలో సిగ్నల్ పనిలో చాలా ఏళ్లు చేసి, రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్నారు. ఆయన్ను మేము ఫౌజీ సార్ అనేవాళ్లం. ఇస్త్రీ చొక్కా, మాటకు ముందు ఒక "సునో అమ్మా".

నాకు అక్షరాలు రావడానికి ఆయనే సగం కారణం. ప్రతి వైరు రెండు కొసల దగ్గరా దాని పేరు ఉండాలి. ఏ గది నుంచి ఏ డబ్బాలోకి పోతుందో తెలియాలి కదా. అందుకు పసుపు రంగు రింగులు వస్తాయి, బియ్యపుగింజ కన్నా కొంచెం పెద్దవి. ఒక్కో రింగు మీద ఒక్క అక్షరమో, ఒక్క అంకెనో. వాటిని గాజులు తొడిగినట్టు వైరుకు తొడగాలి. ఆ పని చేసే అతను వేరే ఉద్యోగానికి వెళ్లిపోయినప్పుడు ఫౌజీ సార్ బల్ల దగ్గరికి వచ్చి, "ఎవరికి అంకెలు వచ్చు?" అని అడిగారు. బస్సు నంబర్లు గుర్తుపట్టి ఎక్కేదాన్ని కాబట్టి నేను చెయ్యెత్తాను.

"అక్షరాలు?"

"రావు సార్. సూపిస్తే గుర్తు పెట్టుకుంటా."

ఆయన అరల పెట్టె తెరిచి నాలుగు రింగులు నా అరచేతిలో పోశారు. "ఇది ఆర్. రౌటర్. ఇది ఎస్. స్విచ్. ఇది పి. ప్యాచ్ ప్యానెల్. ఇది ఎమ్. మోడెమ్. ఈ నాలుగు వస్తే సగం పని వచ్చినట్టే."

నలభై దాటిన తర్వాత నేను నేర్చుకున్న మొదటి అక్షరాలు ఆ నాలుగు. తెలుగు "అ" కన్నా ముందు నాకు ఆర్ వచ్చింది. రౌటర్ అంటే ఏమిటో, ఎట్లా ఉంటుందో తెలియదు. అయినా ఆర్ ఎక్కడ కనిపించినా మనసులో రౌటర్ అనుకునేదాన్ని. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బట్టల దుకాణం బోర్డులో, బస్సు వెనకాల, ఆటో నంబరు మీద, అంతటా రౌటర్లే. మా ఆయన నవ్వేవాడు. "నీకు అక్షరాలు కాదు, డబ్బాలు కనబడుతున్నయి" అనేవాడు.

రింగులు తొడుగుతూ మిగతా ఇంగ్లీషు అక్షరాలూ వస్తుండగా, తెలుగు ఎందుకు రాకూడదని పట్టుదల పుట్టింది. మా బస్తీ కమ్యూనిటీ హాలులో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చదువు చెప్పే పంతులమ్మ ఉండేది. పని దిగి, బస్సు దిగి, తిన్నగా అక్కడికే పోయేదాన్ని. పలక మీద గీసిన అక్షరం నాకు నిలిచేది కాదు. వేలితో పట్టుకుని తిప్పి చూస్తేనే నాకు ఏదైనా గుర్తుంటుంది. అందుకని ముక్క వైర్లను వంచి "క"లు, "గ"లు చేసుకునేదాన్ని. పంతులమ్మ వాటిని చూసి ఒక సెట్టు తనకూ చేసి పెట్టమంది. నా తర్వాత వచ్చినవాళ్లు వాటితోనే నేర్చుకున్నారు. ఈ సంగతి చెప్పుకోవడం నాకు ఇష్టం.

అట్లా నేను వొలిచే బల్ల నుంచి రింగుల టేబులు దగ్గరికి మారాను. టెస్టింగూ నాదే. టెస్టర్ అంటే రెండు చిన్న డబ్బాలు. వైరు చెరో కొస చెరో డబ్బాలో పెడితే ఎనిమిది లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. రెండు డబ్బాల మీదా ఒకే వరుసలో వెలిగితే పాసు. పాసైతే రింగులు తొడిగి కట్ట కట్టేదాన్ని.

ఆ రోజుల్లోనే కొత్త కోడలు చేరింది. మా ఇంటి కోడలు కాదు. జనగామ దిక్కు నుంచి పెళ్లయి బోడుప్పల్‌కు వచ్చిన పిల్ల. మెట్టెలు ఇంకా కొత్తగా మెరుస్తుండేవి. మమ్మల్నందరినీ అత్తా అనేది కాబట్టి మేము కొత్త కోడలా అనేవాళ్లం. మా బల్లకు ఒక ఆచారం ఉంది. ఎవరు కొత్తగా వచ్చినా మొదటి వారం ఆట పట్టించాలి. నన్ను కూడా పట్టించారు, నేను మసాలా కంపెనీకి పోయి "తీగలు ఎండబెట్టే చాప" ఇమ్మని అడిగి వచ్చాను. కొత్త కోడలిని చెంగిచెర్ల అక్క ఓనరు సారు గదికి పంపింది.

"వైర్లల్ల పోసే నూనె అయిపోయింది. సారును అడిగి జర తేపో బిడ్డా."

పిల్ల వెళ్లి అడిగింది. సారు కళ్లజోడు తీసి, "నూనె ఎందుకమ్మా? వైర్లేమైనా వేయిస్తున్నారా?" అన్నారు. షెడ్డంతా నవ్వింది. పిల్ల మొహం ఎర్రగా చేసుకుని వచ్చి కూర్చుంది. ఆ మధ్యాహ్నమే అక్క ఆమెకు నారింజోళ్ల కథ, పచ్చోళ్ల కథ చెప్పింది, ఎప్పటి నవ్వులతోనే. పిల్ల తల వంచుకుని విన్నది. తర్వాత కిటికీ పక్కన చోటు చూసుకుని తన పని తాను చేసుకుంది. ఆమె చేయి చాలా శుభ్రం. కొసలు సమంగా, తోలు క్లిప్పు లోపలిదాకా, ఎక్కడా గీత పడకుండా. టెస్టర్‌లో ఆమె వైర్లన్నీ వరుసగా వెలిగేవి. "చెయ్యి సాఫుంది బిడ్డ" అని అక్క కూడా మెచ్చుకుంది.

పోచారం దారిలో కొత్తగా పెట్టిన ఒక ఆఫీసుకు పెద్ద ఆర్డరు వెళ్లింది. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఓనరు సారు, ఫౌజీ సార్ ఇద్దరూ కలిసి బల్ల దగ్గరికి వచ్చారు. మేము క్రింపర్లు కింద పెట్టాము.

"వాళ్ల ఆఫీసులో పని నడవడం లేదమ్మా" అన్నారు ఓనరు సారు. "ఒక ఫైలు ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి వెళ్లేలోపు టీ తాగి రావచ్చంట. వైర్లు మనవి."

"లైట్లు ఎలిగినయి గద సార్" అంది అక్క.

"వెలిగాయి. అయినా నడవడం లేదు." సారు బల్లను అటు చివర నుంచి ఇటు చివరదాకా చూశారు. "రేపు వెళ్లి చూస్తారు ఈయన. తప్పు మన వైర్లదే అని తేలితే మాత్రం నేను ఇంక ఈ తలనొప్పి పెట్టుకోలేను. రెడీమేడ్ వైర్లు పెట్టెలు పెట్టెలుగా వస్తున్నాయి బయట. అవే తెప్పించుకుంటాను. ఈ బల్ల తీసేస్తాను."

ఆయన కోపంగా అనలేదు. అందుకే మాకు ఎక్కువ భయం వేసింది. మా బల్ల దగ్గర ఉన్నవాళ్లలో చాలామంది వయసు మీదపడి వేరే కంపెనీల్లో పని దొరకనివాళ్లు. నిలబడి చేసే పని అక్క మోకాళ్లు ఒప్పుకోవు. కూర్చుని, నవ్వుకుంటూ, చేతి నైపుణ్యంతో బతికే చోటు నాచారంలో మాకు అదొక్కటే.

ఫౌజీ సార్ అప్పుడు అన్నారు. "రేపు నాకు ఇద్దరు కావాలి. ఒకరు రింగులు చదవాలి. ఒకరి చెయ్యి సాఫుండాలి."

మరునాడు వ్యానులో ఫౌజీ సార్, నేను, కొత్త కోడలు బయలుదేరాము. తెలంగాణ కోసం బందులు ఎక్కువగా ఉన్న రోజులు, అదృష్టం కొద్దీ ఆ రోజు దారి తెరిచే ఉంది. బోడుప్పల్, మేడిపల్లి దాటి పోచారం వైపు పోతుంటే అద్దాల భవనాలు కనిపించాయి. పిల్ల దారంతా ఒళ్లో క్రింపర్ తిప్పుకుంటూ కూర్చుంది.

ఆఫీసు లోపల ఒక మూల చిన్న గది. చల్లగా, హోరుమంటూ ఉంది. నిలువుగా ఒక ఇనుప ర్యాక్. దాని నిండా డబ్బాలు, మినుకుమినుకుమనే పచ్చ లైట్లు, వాటి మధ్య మా బూడిద రంగు వైర్లు. నేను తొడిగిన పసుపు రింగులు అక్కడ వరుసగా కనబడేసరికి దగ్గరికి పోయి ఒకదాన్ని వేలితో తిప్పి చూశాను. ఇన్నేళ్లూ నేను తలుపుల పేర్లు రింగుల్లో పేర్చాను, ఇంటిని మాత్రం చూడలేదు.

"ఇదిగో నీ ఎమ్" అన్నారు ఫౌజీ సార్, ఒక చిన్న డబ్బాను చూపిస్తూ. "బయట టెలిఫోను లైను మాట వేరు, లోపల కంప్యూటర్ మాట వేరు. ఇది అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్తుంది."

"మా సారు కోస్తా మాటను నేను అక్కకు చెప్పినట్టు" అన్నాను.

"అంతే. ఇది నీ ఆర్." రౌటర్. నేను ఊరంతా వెతుక్కున్న రౌటర్, అన్నం డబ్బా కన్నా పెద్దది కాదు. "ఉప్పల్ రింగ్ రోడ్డు మీద నిలబడితే ఏం చూస్తవు? వరంగల్ బస్సు ఇటు, ఎల్బీనగర్ బస్సు అటు, సికింద్రాబాద్ బస్సు ఇంకో దిక్కు. ఏ మాట ఏ దారిన పోవాలో చూసి పంపేది రౌటర్. ఊరి బయటికి పోయే ప్రతి మాటా దీని ముందు నుంచే పోవాలి."

"మరి ఎస్?"

"బాహర్ కా రాస్తా, బయటి దారి, రౌటర్‌ది. ఘర్ కే అందర్, ఇంటి లోపల, స్విచ్." పొడుగ్గా, నిండా కన్నాలతో ఉన్న డబ్బాను తట్టారు. "ఏ కన్నం వెనక ఏ కంప్యూటర్ ఉందో దీనికి తెలుసు. ఎవరి మాట వాళ్ల గడపకే చేరుస్తుంది."

మూలన దుమ్ము పట్టిన ఇంకో డబ్బా అచ్చం అట్లాగే ఉంది. అదేమిటని అడిగాను. హబ్ అని, పాత ఆఫీసు నుంచి తెచ్చి పడేశారని చెప్పారు. దానికి ఎవరి ఇల్లు ఎక్కడుందో తెలియదట. ఒకరికి చెప్పాల్సిన మాటను అందరి గడపలకూ మోస్తుందట. మా బస్తీలో నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు గల్లీ మొదట్లో నిలబడి అరిచే ఆమె గుర్తొచ్చింది. పని అవుతుంది గానీ, అందరి చెవులూ పోతాయి.

ఆ పైన ప్యాచ్ ప్యానెల్. అది ఏ తెలివీ లేని వస్తువు. అన్ని గదుల గోడల్లోంచి వచ్చిన లావు వైర్లు దాని వెనక చేరి ఆగిపోతాయి. ముందు వైపు నంబర్లతో కన్నాలు ఉంటాయి. అక్కడి నుంచి స్విచ్‌కు మా పొట్టి వైర్లు. తెలివి లేకపోయినా అదే నాకు ఎక్కువ నచ్చింది, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో మరచిపోకుండా నిలబడి ఉంటుంది కాబట్టి. పైకప్పుకు అంటించిన తెల్లటి పళ్లెం లాంటిది వైర్లు లేకుండానే గాలిలో మాట పంపుతుందని చెప్పినప్పుడు, కొత్త కోడలు మొదటిసారి నోరు విప్పింది.

"అయితే వైర్లే వద్దు గద సార్. మా బల్ల ఎట్లయినా పోయేదే."

"దాని వెనక చూడు" అన్నారు ఆయన. పళ్లెం వెనక నుంచి మా బూడిద రంగు వైరే దిగుతోంది.

తర్వాత ఆయన బ్యాగులోంచి పెద్ద టెస్టర్ తీశారు. మా దాని లాగా లైట్లు కాదు, దానికి తెర ఉంది. ర్యాక్ లోంచి ఒక వైరు లాగి దానికి తగిలించారు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఎఫ్, ఏ, ఐ, ఎల్. ఆ నాలుగు రింగులూ నాకు తెలుసు. వాటిని ఆ వరుసలో నేను ఎప్పుడూ తొడగలేదు. కూడబలుక్కుని చదివాను.

"ఫెయిల్" అన్నాను.

ఆయన క్లిప్పును వెలుతురుకు పట్టుకుని చూశారు. అద్దంలాంటి ప్లాస్టిక్ లోంచి రంగులు స్పష్టంగా కనిపించాయి. నారింజోళ్లు సరిగ్గానే ఉన్నారు. కాఫీ రంగోళ్లు కొసన ఉన్నారు. మధ్యలో పచ్చామె, ఆమె పక్కన పచ్చాయన. తర్వాత నీలపామె, నీలపాయన. ఎవరి మొగుడి పక్కన వాళ్లు, బుద్ధిగా.

"ఇది ఎవరు చేశారు?"

నేను గుర్తుపట్టాను. అంత శుభ్రమైన చేయి ఇంకెవరిదీ కాదు. నేను చెప్పేలోపే ఆ పిల్ల అంది.

"నేనే సార్."

"నీకు వరుస చెప్పలేదా?"

"చెప్పిన్రు." పిల్ల నా వైపు చూసింది. "అత్తా, గా పొద్దుగాలనే నన్ను నూనెకు పంపిన్రు. మళ్లీ గా కథ చెప్పి నవ్విన్రు. ఒకామె పక్కకు ఇంకొకలాయనను కూసోబెట్టుమంటే... నన్ను మల్ల ఎక్కిరిస్తున్నరనుకున్న. రెండోసారి పిచ్చిదాన్ని గావొద్దని ఎవలోళ్లను వాళ్ల పక్కకు పెట్టిన. లైట్లు ఎలిగినయి గదా."

ఫౌజీ సార్‌కు ఏమీ అర్థం కాలేదు. కథేమిటని అడిగారు. మిలిటరీలో పనిచేసి వచ్చిన పెద్దమనిషికి, పచ్చామె పక్కన నీలపాయన ఎందుకు కూర్చున్నాడో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా బల్ల కోసం చెప్పాను, కింద చూస్తూ. చెప్పడం అయ్యాక తలెత్తితే ఆయన గోడకు ఆనుకుని చప్పుడు లేకుండా నవ్వుతున్నారు. కళ్లు తుడుచుకుని పిల్ల ముందు కూర్చున్నారు.

"సునో బేటీ. డబ్బాకు రంగులు తెలియవు. దానికి పీటలు తెలుసు. ఒకటో పీట, రెండో పీట కలిసి ఒక మాట మోయాలి. మూడో పీట, ఆరో పీట కలిసి ఇంకో మాట మోయాలి. మోసే ఇద్దరూ ఒకరినొకరు మెలిపడి వచ్చినవాళ్లయి ఉండాలి. అట్లా ఉంటేనే పక్కవాళ్ల గోల వాళ్ల మాటలో కలవదు. మీ అక్క వరుసలో మూడో పీట మీద ఎవరు?"

పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టింది. "పచ్చామె."

"ఆరో పీట మీద?"

"పచ్చాయన."

"మరి నీ వరుసలో?"

పిల్ల మళ్లీ లెక్కపెట్టింది. ఆరో వేలు దగ్గర ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీలపాయన" అంది మెల్లగా. "వద్దనుకున్నదే అయింది గద అత్తా."

నవ్వొద్దనుకున్నా నాకూ నవ్వు ఆగలేదు. దూరంగా కూర్చున్నట్టు కనబడే ఆ ఇద్దరే నిజంగా కలిసి పని చేస్తున్నారు. అక్క కథ వట్టి పరాచికం కాదు, అందులో పని ఉంది. ఆ పని ఏమిటో అక్కకు కూడా తెలియదు. మా చిన్న టెస్టర్ ఈ కొసన ఉన్న పీట ఆ కొసన అదే పీటకు చేరిందా లేదా అని మాత్రమే చూస్తుందట. ఎవరు ఎవరితో మెలిపడ్డారో దానికి కనబడదట. లైట్లను నమ్మి నేనూ క్లిప్పుల్లోకి చూడలేదు.

"మరి బల్ల తీసేస్తరా సార్?" అని అడిగింది పిల్ల.

"సార్ సాయంత్రం వస్తరు. అంతవరకు ర్యాక్ సంగతి చూద్దాం."

ఒక్కో వైరునూ పీకి క్లిప్పులు చూడాలి. తప్పు ఉన్నదాన్ని కత్తిరించి కొత్త క్లిప్పు వేయాలి. మళ్లీ ఏ కన్నంలోంచి తీశామో ఆ కన్నంలోనే పెట్టాలి. ఒకరి వైరు ఇంకొకరి కన్నంలోకి పోతే ఆ ఆఫీసులో ఇంకో గొడవ మొదలవుతుంది. నేను రెండు కొసల రింగులూ బయటికి చదివేదాన్ని. "పి, పన్నెండు. ఎస్, పన్నెండు." పిల్ల వెలుతురుకు పట్టి చూసి, "మంచిగున్నరు" అనో, "గిది నాదే" అనో అనేది. ఆమెవైతే అక్కడే నేల మీద కూర్చుని తిరిగి కట్టేది. పెదాలు కదులుతూనే ఉండేవి. నారింజామె, నారింజాయన, పచ్చామె, నీలపాయన, నీలపామె, పచ్చాయన.

ఆఫీసు కుర్రవాళ్లు ఇద్దరు కాఫీ కప్పులతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. "ఏంటి ఆంటీ, మంత్రమా?" అని ఒకడు అడిగాడు.

"ఔ" అన్నాను. "గీ మంత్రం సదివితేనే మీ నెట్ నడుస్తది. జర చెప్పులు బయట ఇడిచి రాండ్రి."

నిజంగానే విడిచి వచ్చాడు ఒకడు. రెండోవాడు వాడిని ఎగతాళి చేశాడు.

ఎండ తగ్గేవేళకు ఓనరు సారు వచ్చారు. ఫౌజీ సార్ ఒక్కో వైరునూ పెద్ద టెస్టర్‌కు తగిలించి చూపించారు. తెర మీద వచ్చే అక్షరాలు నేనే చదివాను. పి, ఏ, ఎస్, ఎస్. ప్రతిసారీ గట్టిగా చదివాను, అవసరం లేకపోయినా. తర్వాత ఆ ఆఫీసు మేనేజరు ఒక పెద్ద ఫైలు పంపి, వెంటనే చేరిందని చూసుకుని, తల ఊపి వెళ్లిపోయాడు.

మా సారు మాత్రం అట్లాగే నిలబడ్డారు. "అయితే తప్పు మన వైర్లదే" అన్నారు.

"మన వైర్లదే" అన్నారు ఫౌజీ సార్. "దిద్దింది కూడా మనమే. రేపు పెట్టెలో వచ్చిన రెడీమేడ్ వైరు ఇట్లా చేస్తే, పొద్దున్నుంచి నేల మీద కూర్చుని దిద్దడానికి ఎవరిని పిలుస్తారు సార్? ఎవరు చేశారో తెలుస్తుందా? ఈ పిల్ల, నేనే చేసిన అని చెప్పింది."

సారు అడిగినది నేను అనుకున్నది కాదు. "ఈ పెద్ద టెస్టర్‌తో వారానికోసారి మా షెడ్డుకి వస్తారా?"

"వస్తా."

"సరే. అయితే ఆ మొగుడూ పెళ్లాల కథ మాత్రం ఆపించండి. కొత్త చార్టు తెప్పిస్తాను."

మరునాడు షెడ్డులో సారు ఈ మాట చెప్పగానే చెంగిచెర్ల అక్క క్రింపర్ బల్ల మీద పెట్టింది. "కథ ఆపుతే చేతులు ఆగుతయి సార్. చార్టు తెస్తరు, మంచిదే. సదివేటోళ్లు ఎవరు?"

"నేను రాస్తా" అన్నాను. పలక మీద తప్ప నేను ఎక్కడా రాయలేదు. "తెలుగుల రాస్తా సార్. గోడ మీద. కథ కథలెక్కనే ఉంటది, పీటల లెక్క పక్కకు ఉంటది."

సారు అక్కను చూశారు, నన్ను చూశారు. "రాయండి చూద్దాం" అన్నారు.

నీలం పెయింటు, సన్న బ్రష్షు తెప్పించారు. ముందు సుద్దముక్కతో గీసుకున్నాను. పంతులమ్మ దగ్గర ఒత్తులు సరిచూసుకుని వచ్చాను. బల్లకు ఎదురుగా, కూర్చున్నచోటి నుంచే అందరికీ కనబడేటట్టు రాశాను. ఒకటో పీట నుంచి ఎనిమిదో పీట వరకు ఎవరు కూర్చుంటారో. కింద ఇట్లా: "మూడో పీట పచ్చామెది. ఆరో పీట పచ్చాయనది. దూరం కూర్చున్నా పని ఇద్దరిదీ ఒక్కటే." అంతటితో ఆపుదామనుకున్నాను. కొత్త కోడలు వెనక నుంచి అడిగింది.

"అత్తా, ఇంకొక్క మాట రాయి. ఇది ఎక్కిరించుడు కాదని రాయి."

రాశాను. "ఇది ఎక్కిరించుడు కాదు." పంతులమ్మ అయితే ఎక్కిరింత అని దిద్దేదేమో. నేను ఆ పిల్ల మాటే ఉంచాను.

అక్కకు చదువు రాదు. నా చెయ్యి పట్టుకుని అక్షరాల మీద తిప్పించుకుంది. "గిది నా కథనేనా?" అంది. "నీ కథనే" అన్నాను. మళ్లీ ఒకసారి చదవమంది.

ఫౌజీ సార్ ప్రతి వారం వచ్చి కట్టల్లోంచి తనకు తోచిన వైర్లు తీసి చూసేవారు. తెర మీద అక్షరాలు నేను చదివేదాన్ని. ఆ తర్వాత మా బల్ల నుంచి వెళ్లిన వైరు వెనక్కి రాలేదు. బల్ల తీసేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పైగా ఇంకో బల్ల చేరింది.

తెలంగాణ వచ్చిన ఏడాది షెడ్డుకు రంగులు వేయించారు సారు. ఆయన ఆంధ్రకు వెళ్లిపోతారేమోనని చుట్టుపక్కల అనుకున్నారు. ఆయన మాత్రం రంగుల డబ్బాలు దింపించి, బయట బోర్డు మీద అడ్రసులో ఆంధ్రప్రదేశ్ తీసేసి తెలంగాణ అని రాయించారు. స్పెల్లింగు సరిగా ఉందా అని నన్నే చూడమన్నారు. నిచ్చెన కింద నిలబడి ఒక్కో అక్షరం చదివి, ఉందని చెప్పాను. రంగులేసే అతను లోపలికి వచ్చి మా గోడ ముందు బ్రష్షు పట్టుకుని ఆగాడు.

"సార్, ఈ రాత మీద కూడా వేసేద్దునా?"

"ఆ గోడ ముట్టుకోవద్దు" అన్నారు సారు, ఫోను మాట్లాడుతూనే. "దాని చుట్టూ వేసుకో."

ఇప్పటికీ ఆ రాత చుట్టూ తెల్లటి కొత్త రంగు, మధ్యలో పాత గోడ రంగు, దాని మీద నా నీలం అక్షరాలు. కొత్తగా ఎవరు చేరినా ఇప్పుడు కొత్తదేమీ కాని మా కొత్త కోడలే వాళ్లను ముందు ఆ గోడ దగ్గర నిలబెట్టి చివరిదాకా చదివిస్తుంది. చదువు రానివాళ్లను నా దగ్గరికి పంపుతుంది. అదంతా అయ్యాకే, నూనె తెమ్మని సారు గదికి పంపుతుంది.